1984 అక్టోబర్ 31: ఆ వార్త మీకు ఎప్పుడు, ఎలా తెలిసింది?

గోదారి_గట్టు
మా ఇంట్లో ఏటా ఈ రోజుల్లో ఒకటే గొడవ. ఇందిరాగాంధీ పోయిందని మధ్యాహ్నం భోజనాల దగ్గరే రేడియోలో చెప్పారంటారు మా నాన్న. కాదు, తులసికోట దగ్గర దీపం పెట్టి లోపలికొచ్చాక చెప్పారు, కార్తీకమాసం కాబట్టి నాకు బాగా గుర్తు అంటుంది మా మేనత్త. అప్పుడు ఇద్దరూ ఉన్నది రాజోలు దగ్గర ఒకే ఇంట్లో, ఉన్నది ఒకే రేడియో. నేనప్పటికి పుట్టలేదు. ఇద్దరూ ఎంత గట్టిగా చెబుతారంటే ఎవరిని నమ్మాలో తెలీదు. ఇక్కడ యాభై దాటినవాళ్లు బోలెడుమంది ఉన్నారు కదా, కాస్త తేల్చి పెట్టండి.

శాస్త్రిగారి_రేడియో
గెలుపు మీ మేనత్తగారిదే. కాల్పులు జరిగింది ఉదయం తొమ్మిది దాటాక, సఫ్దర్‌జంగ్ రోడ్డులో ఆవిడ ఇంటి ఆవరణలోనే. ఎయిమ్స్‌కి తీసుకెళ్లారు. చనిపోయినట్టు డాక్టర్లు ప్రకటించింది 2.20కి. ఆకాశవాణి మాత్రం సాయంత్రం ఆరింటిదాకా ఆ మాట బయటపెట్టలేదు. దూరదర్శన్‌లో సల్మా సుల్తాన్ చదివిందీ ఆ సాయంత్రమే. బీబీసీ వాళ్లు చాలా ముందే చెప్పేశారు. రాజీవ్ గాంధీ ఆ పూట బెంగాల్ పర్యటనలో ఉన్నారు, ఆయన కూడా బీబీసీయే పట్టుకుని విన్నారు. మీ నాన్నగారికి షార్ట్‌వేవ్‌లో విదేశీ స్టేషన్లు వినే అలవాటుందేమో కనుక్కోండి.

గోదారి_గట్టు
షార్ట్‌వేవా! మా నాన్నకి రేడియో అంటే ఆదివారం వచ్చే సినిమా సౌండ్‌ట్రాకే అండీ.

కడపకారం
మాది ప్రొద్దుటూరు. నేనప్పుడు ఎనిమిదో తరగతి. దీపావళి అయిపోయి వారమే అయింది. మధ్యాహ్నం బడి వదిలేసినారు, ఎందుకో మాకు ఎవురూ చెప్పలా. దాచిపెట్టుకున్న టపాకాయలు ఎండలో ఆరబెట్టుకోని కాలుస్తా ఉంటే ఎదురింటి కాంగ్రెస్ పెద్దాయన పరిగెత్తుకోనొచ్చి చెంప చెళ్లుమనిపించినాడు. మా నాయన తెలుగుదేశం. పిల్లోనికేం తెలుసని కొడతావయ్యా అని ఆయన మీదికి పోయినాడు. వీధంతా గుమిగూడింది. సాయంత్రానికి చూస్తే ఇద్దరూ ఆ పెద్దాయన అరుగు మీదనే పక్కపక్కన కూచోని రేడియో వింటా ఉన్నారు. మా నాయన కండ్లు తుడుచుకుంటా ఉన్నాడు. ఆగస్టులో ఎన్టీఆర్‌ను దించినప్పుడు ఇదే మనిషి ఆయమ్మను తిట్టని తిట్టు లేదు.

నీలిరంగు
@కడపకారం మా ఊళ్లోనూ అంతే. నెలన్నర కిందట "ప్రజాస్వామ్యాన్ని ఖూనీ చేసింది" అని ఊరేగింపు తీసినవాళ్లే నల్ల బ్యాడ్జీలు పెట్టుకున్నారు.

గల్లీ_క్రికెట్
ఆ రోజు సియాల్‌కోట్‌లో మనకీ పాకిస్తాన్‌కీ వన్‌డే. వెంగ్‌సర్కార్ 94 నాటౌట్. మన ఇన్నింగ్స్ అయ్యాక మ్యాచ్ ఆపేశారు, టూరే రద్దు చేశారు. సాయంత్రం స్కోరు కోసం రేడియో పెడితే వీణ వస్తోంది. స్టేషన్ తిప్పితే అక్కడా వీణే. రేడియో పాడైందనుకుని మా అన్న దాన్ని రెండు మొట్టికాయలు కూడా వేశాడు.

కొత్తసభ్యుడు99
ప్రధాని చనిపోతే స్కోరు గోలేంటండీ.

గల్లీ_క్రికెట్
పదేళ్ల పిల్లాడిని బాబూ. ఆ ఆరు పరుగుల బాధ ఇప్పటికీ ఉంది, ఏం చెయ్యమంటావ్.

మంజీర_ఒడ్డు
మీరంత ప్రధానమంత్రి పోయింది అంటున్నరు. మాకైతే మా ఎంపీ పోయింది. 1980 ఎలక్షన్లల మెదక్ల నిలబడి జైపాల్‌రెడ్డి మీద రెండు లక్షల పైన మెజారిటీతోని గెలిచింది. రాయ్‌బరేలీల గూడ గెలిచి, దాన్ని ఇడిశిపెట్టి మా సీటు ఉంచుకుంది. పోయే దినానికి మెదక్ ఎంపీనే. అదే ఏడు జులైల ఎద్దుమైలారం ఆర్డినెన్స్ ఫ్యాక్టరీకి పునాది రాయి ఏశిపోయింది. మా నాయిన ట్రాక్టర్ల ఊరోళ్లను ఏసుకొని సూడ పోయిండు. దూరంకెళ్లి చీరె కొంగు తప్ప ఏం కనవడలేదంట, అయినా వారం దినాలు అదే ముచ్చట.

వార్త మాకు బస్సు కండక్టర్ తోని తెలిసింది. సంగారెడ్డి కెళ్లి వచ్చిన బస్సు ఊరి బయటనే ఆగింది, ఆయిన దిగి చెప్పిండు. మా నాయినమ్మ ఆ పూట పొయ్యి ముట్టియ్యలే. ఇంట్ల మనిషి పోతె ఎట్లనో అట్లనే. పిల్లలకు పక్కింటోళ్లు అన్నం తెచ్చి పెట్టాలె గద, ఆడ గూడ పొయ్యి ముట్టియ్యలే. ఊరంత అదే తీరు. ఆఖరికి మా పెద్దనాయిన దుకాణంకెళ్లి బన్నులు తెచ్చి పంచిండు.

నీలిరంగు
@మంజీర_ఒడ్డు అంత ప్రేమ ఉంటే డిసెంబర్ ఎన్నికల్లో మెదక్ ఏమైంది మరి?

మంజీర_ఒడ్డు
తెలుగుదేశం గెలిచింది. నువ్వు అడుగుతవని తెల్సు.

శాస్త్రిగారి_రేడియో
దేశమంతా సానుభూతి వెల్లువలో కొట్టుకుపోతే ఇక్కడ 42లో 30 సీట్లు తెలుగుదేశానివి. లోక్‌సభలో పెద్ద ప్రతిపక్షం ఒక ప్రాంతీయ పార్టీ కావడం అప్పుడే చూశాం. హన్మకొండలో పీవీ నరసింహారావే బీజేపీ జంగారెడ్డి చేతిలో ఓడిపోయారు. మహారాష్ట్రలోని రాంటెక్‌లో గెలిచారు కాబట్టి సరిపోయింది. ఏడవడం వేరు, ఓటు వేరు. మనవాళ్లు ఈ రెండూ కలపలేదు.

మంజీర_ఒడ్డు
మా నాయినమ్మ మాత్రం చేతి గుర్తుకే ఏసింది. ఆమె పోయేదాంక దానికే ఏసింది. ఎవరు నిలవడ్డరో గూడ ఆమెకు ఎర్క ఉండేది కాదు.

వారాసిగూడ_వాణి
టీవీలో అంత్యక్రియలు గుర్తున్నవాళ్లు లేరా? నవంబర్ 3, శనివారం. మా వీధి మొత్తానికి రెండు బ్లాక్ అండ్ వైట్ టీవీలు. ఒకటి మా ఇంటి ఓనర్లది. పొద్దున్నే చాపలు పరిచారు. చెప్పులు గేటు బయటిదాకా. ఆడవాళ్లందరూ ఏడుస్తుంటే మధ్యలో ఒక అబ్బాయి "అమితాబ్! అమితాబ్ బచ్చన్!" అని కేకేశాడు. నిజంగానే రాజీవ్ పక్కన ఉన్నాడాయన. ఏడుస్తున్నవాళ్లు కూడా ఠక్కున ఏడుపాపి టీవీ దగ్గరికి జరిగారు. ఓనరమ్మ ఆ అబ్బాయిని బయటికి పంపేసింది, తను మాత్రం ఏడీ ఏడీ అని చూస్తోంది.

కడపకారం
సంతాపం పన్నెండు దినాలు అన్నారు. రేడియోలో పాటల్లేవు. మా అక్క పెండ్లి చూపులు వాయిదా పడినాయి. ఆ సంబంధం తర్వాత తప్పిపోయింది కూడా. మా అమ్మ ఇప్పటికీ ఇందిరాగాంధీ పేరెత్తితే ముందు ఆ సంబంధమే చెప్తాది, ఇంజనీరంట.

ఢిల్లీ_బుజ్జి
రెండు రోజులుగా చదువుతున్నా. రాయకూడదనే అనుకున్నా. సెలవులు, టపాకాయలు, అమితాబ్ బచ్చన్... మీ తప్పేం లేదు, మీరున్న చోట అది అంతే. నేనున్న చోట వేరు.

మా నాన్న సెంట్రల్ గవర్నమెంట్‌లో యూడీసీ, అంటే గుమాస్తా. ఆర్.కె.పురంలో క్వార్టర్. నేను ఆరో క్లాసు. ఆ సాయంత్రం నాన్న ఆఫీసు నుంచి నడిచి వచ్చారు, బస్సుల్లేవు. ఎయిమ్స్ దగ్గర జనం సర్దార్లను స్కూటర్ల మీంచి లాగుతున్నారని అమ్మతో మెల్లగా చెప్పారు. రాష్ట్రపతి జైల్‌సింగ్ కారు మీదే రాళ్లేశారు ఆ సాయంత్రం. మర్నాడు పొద్దున మేడ మీదికెళ్తే మూడు దిక్కులా పొగ. టైర్లు కాలిన వాసన. అది టైర్ల వాసనేనని అమ్మ మాకు పదే పదే చెప్పింది.

మా కింది క్వార్టర్‌లో ఒక సర్దార్జీ కుటుంబం. ఆయనా గవర్నమెంటే. ఇద్దరు కొడుకులు, పెద్దవాడికి పదహారో పదిహేడో. నాన్న వెళ్లి వాళ్ల నేమ్‌ప్లేట్ స్క్రూడ్రైవర్‌తో ఊడదీసి తెచ్చి మా ట్రంకు పెట్టెలో పెట్టారు. ఆవిడా పిల్లలూ మా ఇంట్లో. సర్దార్జీ పైఅంతస్తు బెంగాలీ వాళ్లింట్లో. అందరూ ఒకేచోట ఉండొద్దని ఎవరో అన్నారట. మా అమ్మమ్మకి హిందీ ముక్క రాదు. ఆ పెద్దబ్బాయిని స్టోర్ రూములో బియ్యం బస్తా వెనక కూర్చోబెట్టి, పళ్లెంలో పెరుగన్నం కలిపి పెట్టి, "తిను నాయనా, తినకపోతే ఎలా" అని తెలుగులోనే పోరేది. వాడు తినేవాడు. ఆవకాయ మాత్రం పళ్లెం అంచుకి నెట్టేసేవాడు.

పదిమంది దాకా వచ్చారు. చేతిలో కాగితం, దాంట్లో ఇంటి నంబర్లు. కింది వాళ్లెక్కడ అని అడిగారు. ట్రాన్స్‌ఫర్ మీద పోయారని చెప్పారు నాన్న. నాన్న హిందీ భయంకరంగా ఉండేది, మేమంతా నవ్వేవాళ్లం. ఆ రోజు ఆ హిందీయే పనికొచ్చిందేమో, మద్రాసీ అనుకుని వెళ్లిపోయారు. వెళ్తూ కింద ఉన్న స్కూటర్ తగలబెట్టారు. రెండు లైన్ల అవతల ఇంకో సర్దార్ ఇల్లుంది. అక్కడ ఎవరూ తలుపు తియ్యలేదు. దాని గురించి మా కాలనీలో ఆ తర్వాత ఎవరూ మాట్లాడలేదు.

మూడో తారీఖుకి మిలటరీ గట్టిగా దిగింది. అప్పటికి జరగాల్సిందంతా జరిగిపోయింది.

వారాసిగూడ_వాణి
బుజ్జిగారూ, నేను అమితాబ్ గురించి రాసింది తీసెయ్యనా? చదివాక ఎలాగో ఉంది.

ఢిల్లీ_బుజ్జి
ఎందుకండీ, ఉంచండి. మా ఇంట్లోనూ టీవీ చూశాం. ఆ సర్దార్నీ ఆవిడ కూడా మాతో కూర్చుని చూసింది, ఇందిర కోసం ఏడ్చింది కూడా.

పోర్టు_రాజు
ఒక మాట అడుగుతా, కోప్పడకండి. అప్పట్లో సర్దార్లు స్వీట్లు పంచుకున్నారని విన్నాం. జనం ఊరికే రెచ్చిపోతారా?

అత్తాపూర్_అన్న
ఎవరు పంచిన్రు, ఎక్కడ పంచిన్రు, నువ్వు చూసినవా భాయ్? మాది కిషన్‌బాగ్ పక్కన, సిఖ్ ఛావనీ మా ఇంటికి అయిదు నిమిషాలు. నిజాం కాలం కెళ్లి ఉన్నరు వాళ్లు. తెలుగు మాట్లాడుతరు, మనలెక్కనే బోనాలకొస్తరు. మా క్లాసుల నా బెంచి దోస్తు ఆ బస్తీ వాడే. ఆ రోజుకెళ్లి బడికి రాలే. వాళ్ల నాయిన ఆటో ఇంట్లనే పెట్టిండు. మాకు కర్ఫ్యూలు కొత్తగాదు, ఆ ఎండకాలం పోంగనే సెప్టెంబర్ దాంక సిటీల అదే నడిచింది. మా గల్లీల దేవుని దయ, ఏం కాలే. కాని మావోడు మళ్ల బడికొచ్చినప్పుడు పగిడీ మీద మఫ్లర్ చుట్టుకొని వచ్చిండు. నవంబర్ల హైదరాబాదుల మఫ్లర్!

ఢిల్లీ_బుజ్జి
@పోర్టు_రాజు స్వీట్లు పంచారన్నది మొదటిది. పంజాబ్ నుంచి శవాలతో రైళ్లొస్తున్నాయన్నది రెండోది. ఢిల్లీ నీళ్లలో విషం కలిపారన్నది మూడోది. మూడూ ఒక్క రాత్రిలో ఊరంతా తిరిగాయి. మా బిల్డింగులో ఆ పూట ఎవరూ కుళాయి నీళ్లు ముట్టలేదు, మేం కూడా. తర్వాత తాగాం. ఎవరికీ ఏం కాలేదు. మిగతా రెండూ ఆ నీళ్లలాంటివే.

శాస్త్రిగారి_రేడియో
ఇంకో సంగతి. నిజంగానే ఎక్కడో ఒకడు స్వీట్లు పంచాడనుకుందాం. కాల్చింది ఇద్దరు అంగరక్షకులు, బియాంత్ సింగ్, సత్వంత్ సింగ్. దానికి త్రిలోక్‌పురిలో మంచాలు నేసుకునేవాడి ఇల్లెందుకు కాలాలి? ఢిల్లీలోనే 2,733 మంది చనిపోయారని ప్రభుత్వం వేసిన ఆహూజా కమిటీ లెక్క. త్రిలోక్‌పురి, మంగోల్‌పురి, సుల్తాన్‌పురి, ఎక్కువమంది పోయింది ఈ పేదల కాలనీల్లోనే. బుజ్జిగారు చెప్పిన ఆ కాగితం ఓటర్ల జాబితా అయ్యుంటుంది, బాధితులు కమిషన్ల ముందు చెప్పిన మాటే అది. పేరున్న నాయకుడికి యావజ్జీవం పడింది 2018 డిసెంబర్‌లో, సజ్జన్ కుమార్‌కి, హైకోర్టులో. ముప్ఫై నాలుగేళ్లకి.

నీలిరంగు
"పెద్ద చెట్టు కూలితే భూమి కంపిస్తుంది" అని రాజీవ్ గాంధీ అన్నది కూడా మర్చిపోకండి. ఆ మారణకాండకి మన్మోహన్ సింగ్ వచ్చి 2005లో పార్లమెంటులో క్షమాపణ చెప్పాల్సొచ్చింది. ఆయనా సర్దారే, అదీ విచిత్రం.

పోర్టు_రాజు
విన్నది అడిగా, నాకు వాదించాలని లేదు. మా వీధిలో అందరూ అదే చెప్పుకున్నారు. వైజాగ్‌లో మేం చూసిన సర్దార్లు లారీ డ్రైవర్లే, వాళ్లు ఆ వారం హైవే మీద డాబాల్లో లారీలు వదిలేసి ఎక్కడికో పోయారు. అది మాత్రం కళ్లారా చూశా.

వేదిక_నిర్వాహకుడు
రాజకీయ పార్టీల మీద తగువు ఇక్కడితో ఆపండి. జ్ఞాపకాలు రాయండి.

రైలుబండి
ఉద్యోగం ఇంటర్వ్యూకని ఢిల్లీ వెళ్తున్నా. కాజీపేటలో ఎక్కా. నాగపూర్ దాటాక ఎవరో చెప్పారు ప్రధాని మీద కాల్పులని. రైలు ఎక్కడపడితే అక్కడ ఆగుతోంది. మా పెట్టెలో యూనిఫారంలో ఇద్దరు జవాన్లు, అందులో ఒకరు సర్దార్. మంచి మాటకారి. ఆగ్రా దాకా మాతో పేకాట ఆడాడు. డబ్బులు పెట్టొద్దన్నాడు, బీడీలు పెట్టి ఆడాం. తను బీడీ తాగడు, గెలిచినవన్నీ మాకే తిరిగిచ్చేసేవాడు.

తుగ్లకాబాద్ దగ్గర ఆగింది. కిటికీలు దించేయమని అరిచారు. దించేశాం.

ఆ ఇంటర్వ్యూ వాయిదా పడింది.

కొత్తసభ్యుడు99
@రైలుబండి ఆ సర్దార్ ఏమయ్యాడు? దిగిపోయాడా?

రైలుబండి
అంతకన్నా రాయను బాబూ.

అత్తాపూర్_అన్న
@కొత్తసభ్యుడు99 అన్నీ అడగొద్దు తమ్మీ.

గోదారి_గట్టు
నేనేదో ఇంటి పంచాయితీ పెడితే ఇది ఎక్కడికో వెళ్లింది. మొత్తం నాన్నకి చదివి వినిపించా. రైలుబండి గారిది విన్నాక కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత రేడియో సంగతి అడిగితే, "మధ్యాహ్నం కాల్పులని చెప్పారు కదరా, అన్ని గుళ్లు తగిలాక మనిషి బతుకుతుందా, మేం అప్పుడే అనుకున్నాం పోయిందని" అన్నారు. మేనత్తకి ఫోన్ చేసి చెప్పా. "అనుకోవడానికి ఆకాశవాణి ఎందుకు, మీ నాన్న చాలు" అంది. రాజీ కుదరలేదు.

శాస్త్రిగారి_రేడియో
నిజానికి చాలామంది జ్ఞాపకం ఇలాగే ఉంది. మా బాచ్‌మేట్లను అడిగితే సగంమంది మధ్యాహ్నమే అంటారు. మధ్యాహ్నం బడులూ ఆఫీసులూ మూసేశారు, మార్కెట్లు మూసేశారు, అప్పుడే తెలిసిపోయినట్టు లెక్క. ముందురోజే భువనేశ్వర్‌లో ఆవిడ "నా ఒక్కో రక్తపు బొట్టు" అని మాట్లాడిన మాటలు కూడా ఆ రోజే విన్నామంటారు కొందరు. తర్వాత వెయ్యిసార్లు వేశారు కదా, అన్నీ కలిసిపోతాయి.

కడపకారం
మరి నా చెంపదెబ్బ మధ్యాహ్నమా సాయంత్రమా సామీ? ఎండలో టపాకాయలు ఆరబెట్టినా అని గట్టిగా గుర్తుంది.

శాస్త్రిగారి_రేడియో
అయితే ఆ కాంగ్రెస్ పెద్దాయనకి షార్ట్‌వేవ్ ఉందన్నమాట.

వారాసిగూడ_వాణి
బుజ్జిగారూ, ఆ కుటుంబం ఇప్పుడెక్కడ? మీతో మాట్లాడుతుంటారా?

ఢిల్లీ_బుజ్జి
లేదండీ. ఆ చలికాలంలోనే చండీగఢ్ ట్రాన్స్‌ఫర్ పెట్టించుకుని వెళ్లిపోయారు. వెళ్లేటప్పుడు నేమ్‌ప్లేట్ అడిగి తీసుకున్నారు. పెద్దబ్బాయి జుట్టు తీసేసుకున్నాడు అప్పటికి. మా అమ్మమ్మ వాణ్ణి గుర్తుపట్టలేదు, ఎవరో కొత్తవాడనుకుంది. తర్వాత ఒక్క ఉత్తరం లేదు. మా అమ్మకి అది చాలా ఏళ్లు కష్టంగా ఉండేది. అన్నం పెట్టాం, ఒక్క కార్డు ముక్క రాయలేదు చూడు అనేది. ఏమని రాస్తారే, నువ్వు చెప్పు అనేవారు నాన్న. ఫేస్‌బుక్ వచ్చాక ఆ పేరుతో వెతికాను కూడా, ఆ పేరుతో వందలమంది ఉన్నారు. అక్కడితో వదిలేశా.

మంజీర_ఒడ్డు
మీ నాయినది మంచి మాట అక్కా.

పోర్టు_రాజు
బుజ్జిగారూ, నిన్న నేను అడిగిన తీరు బాగాలేదని మా ఆవిడ కూడా అంది. ఆ నీళ్ల సంగతి మా పిల్లలకి చెప్పా.

రెండోకుర్చీ
ఆలస్యంగా చూశా. ఆ ఏడాదే అంత. నెల తిరగ్గానే డిసెంబర్ 2 రాత్రి భోపాల్ గ్యాస్ ప్రమాదం. మా బాబాయి అక్కడ భెల్‌లో ఉండేవారు. ఆ కాలనీ గ్యాస్ లీకైన యూనియన్ కార్బైడ్ ఫ్యాక్టరీకి కొంచెం ఎడంగా ఉండబట్టి బతికారు. తెల్లారి ఆయన హమీదియా ఆస్పత్రికి వెళ్లి చూసింది...

వేదిక_నిర్వాహకుడు
@రెండోకుర్చీ అది వేరే త్రెడ్‌గా పెట్టండి, పూర్తిగా రాయండి. అక్కడ పనిచేసిన తెలుగువాళ్లు ఇంకొందరు ఇక్కడే ఉన్నారు, పిలుస్తాను.

రెండోకుర్చీ
సరే. బాబాయిని అడిగి రాస్తా. ఆయనకి ఫోన్‌లో సరిగా వినపడదు, ఆదివారం ఇంటికెళ్లాలి.